గాలాడని అతుకును విప్పిన బావగారు

పంతొమ్మిదివందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం ఆగస్టు ఏడవ తేదీన మన కార్ల మరమ్మతుశాలలోని విద్యుత్ విభాగంలో సహాయకునిగా అడుగుపెట్టి, ఈ మాసాంతాన ఆ విభాగానికే అధిపతిగా పదవీ విరమణ చేయనున్న బావగారికి ఈ సంచిక ముఖంగా అభినందనలు అందజేయడం సహోద్యోగులందరికీ ఆనందదాయకం. విడిభాగాల గదిని చూసుకునే స్టోరుకీపరు ఆయన శ్రీమతికి స్వయానా తమ్ముడు. అతడు కౌంటరు వెనుక నుంచి రోజంతా “బావా” అని కేకలు వేస్తుండగా, క్రమేణా మేనేజరుగారితో సహా అందరికీ ఆయన బావగారే అయ్యారు. ఒక్క వివాహంతో ఇంతమంది బావమరదులను సంపాదించినవారు అరుదు.

తొలినాళ్లలో బ్యాటరీలు, హెడ్‌లైట్లు, హారన్లు ఆయన పని. తీగకు తీగ కలిపితే దానిమీద సీసం కరిగించి పోయడం, గొట్టం తొడగడం, టేపు చుట్టడం, ఆపైన చుక్క నీరు కూడా చొరబడకుండా సీలింగు పేస్టు పూయడం ఆయన పద్ధతి. ఆయన వేసిన అతుకు ఊడిందన్న మాట ఎవరూ వినలేదు. కార్లలోకి కంప్యూటర్లు ప్రవేశించిన కాలంలో, భోజన విరామాలలో కళ్లజోడు సవరించుకుంటూ మాన్యువళ్లు చదివి, ఆ విద్యనూ పట్టుదలతో స్వాధీనం చేసుకుని సీనియరు మెకానిక్కు అయ్యారు.

ఆ రోజులలోనే డ్రైవింగు నేర్పే పంతులమ్మగారి కారు ఆయనకు పరీక్ష పెట్టింది. పొగగొట్టంలో అమర్చి ఉండే ఆక్సిజన్ సెన్సరు, పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో ఇంజను కంప్యూటరుకు తెలుపుతుంది. ఆ సర్క్యూటులో వోల్టేజి తక్కువగా ఉందని స్కానరు చూపించగా, ఆయన సెన్సరును మార్చి, కొత్తదాని తీగలను పాత ప్లగ్గుకు తన పద్ధతిలోనే అతికించి పంపారు. కొద్దిరోజులకే హెచ్చరిక దీపం మళ్లీ వెలిగింది. మరొక సెన్సరు వేశారు, మళ్లీ అదే తంతు.

మూడవసారి వచ్చినప్పుడు ఆమె తాళంచెవి బల్లమీద పెట్టి, “రేపు పొగ పరీక్ష ఉందండీ. దీపం వెలిగితే ఫెయిలే. సర్టిఫికెట్టు లేకుండా నేర్చుకునేవాళ్లని ఎక్కించుకోలేను. నాకున్నది ఈ ఒక్క బండే,” అన్నారు.

“సాయంత్రానికి ఇస్తానమ్మా,” అని బావగారు మాట ఇచ్చేశారు.

స్టోరుకీపరు తొంగి చూశాడు. “ఈసారి కంప్యూటరే పోయుంటుంది బావా.”

“నీ దగ్గర ఏది నిలవుంటే అదే పోయిందంటావు. నోరు మూసుకుని ఆ మీటరు ఇటివ్వు.”

సెన్సరును వేడిచేసే తీగకు కరెంటు సరిగానే వస్తోంది. ఎర్తు సరిగానే ఉంది. తీగ ఎక్కడా తెగలేదు. ఇక మిగిలింది తన అతుకొక్కటే. ఇంజను నడుస్తుండగానే, మీటరు తీగ మొనను గుచ్చడానికి ఆయన చాకుతో ఆ పేస్టును ఒలిచి, సీసాన్ని కత్తిరించి, తీగలను వట్టినే కలిపి పట్టుకున్నారు. అంతవరకు చలనం లేకుండా పడివున్న మీటరు అంకెలు మెల్లగా లేచి, ఆరోగ్యవంతమైన సెన్సరు లాగే ఎగసిపడసాగాయి. ఆ చోటును మళ్లీ బిగించి మూసి వేచిచూడగా, కాసేపటికి అంకెలు నీరసించాయి.

బావగారికి విషయం బోధపడింది. ఆ సెన్సరు లోపలి పొగను బయటి గాలితో పోల్చి చూస్తుంది. ఆ గాలి దానికి చేరేది తీగ తొడుగులోని సన్నని సందుల గుండానే. ఆయన పోసిన సీసమూ పూసిన పేస్టూ ఆ దారినే మూసివేశాయి. లోపల మిగిలిన గాలి కాసేపట్లో అయిపోయి సెన్సరు ఉక్కిరిబిక్కిరి అయ్యేది, అలా నాలుగు రోజులు పదేపదే జరిగాక దీపం వెలిగేది.

“ఇది మనిద్దరి మధ్యే ఉండనీ బావా,” అన్నాడు స్టోరుకీపరు గొంతు తగ్గించి. “సెన్సర్లు నాసిరకంవి వచ్చాయని నేను చెప్తాలే.”

“అవి బంగారంలా ఉన్నాయిరా. గాలాడకుండా చేసింది నేను. ఆవిడకి నేనే చెప్పుకుంటాను.”

సీసం, పేస్టు లేకుండా బిగింపు గొట్టంతో తీగలను కలిపి, కారును వేడెక్కేదాకా తిప్పి తెచ్చి, సాయంత్రం పంతులమ్మగారి ముందు ఆ పాత అతుకును ఉంచారు. “తప్పు బండిది కాదమ్మా, నాది. మరీ గట్టిగా మూసేశాను.”

ఆమె దానిని అటూ ఇటూ తిప్పి చూశారు. “మా దగ్గర కొత్తవాళ్లూ ఇంతేనండీ. భయంకొద్దీ స్టీరింగు బిగబట్టేస్తారు. బండి తిన్నగా పోదు.” ఆగి, “రేపు మీరూ వస్తారా?” అని అడిగారు.

మరునాడు పరీక్షా కేంద్రం గోడ పక్కన బావగారు కూర్చోకుండా నిలబడే ఉన్నారు. సర్టిఫికెట్టుతో బయటికి వచ్చిన ఆమె, “పాసయింది. ఇక కూర్చోండి,” అన్నారు.

విభాగాధిపతి అయిన పిమ్మట, కొత్తగా చేరిన ప్రతివారికీ ఈ వృత్తాంతాన్ని వినిపించి, “ముందు మన చెయ్యి పడ్డ చోటు చూడండి, తర్వాతే వస్తువును అనండి,” అని బోధించడం ఆయన ఆనవాయితీ. ఈనాటికీ ఈ మరమ్మతుశాలలో ఏ బండి తిరిగివచ్చినా, తప్పు ఎవరిదని కేకలు వినిపించకపోవడానికి ఆయన నెలకొల్పిన ఆ మర్యాదే కారణం.

ఇటీవల బావగారి శ్రీమతి ఆ పంతులమ్మగారి వద్దనే శిక్షణ పొంది లైసెన్సు సంపాదించారు. ఇకపై స్టీరింగు తనదేనని ప్రకటించారు కూడా. ఆమె పక్క సీటులో సలహాలివ్వకుండా కూర్చోగల ఓర్పును, ఆమె తీసుకువెళ్లిన ప్రతిచోటా దిగి హాయిగా నడవగల ఆరోగ్యాన్ని, చూడవలసిన ఊళ్లన్నీ చూసినా ఇంకా మిగిలేంత దీర్ఘాయుష్షును బావగారు పొందాలని ఆయన బావమరదులందరమూ మనసారా కోరుకుంటున్నాము.