చివరి చీటీ వాళ్లు

కాదే బుచ్చమ్మా, అడుగుతాను చెప్పు. మీ భారతికి అంత పొగరు దేనికి? హాస్టల్లో అందరి ముందూ మా గుంట కీర్తి పరువు తీసీడానికి దానికేటి పని?

కూర్చో, కూర్చో. చేపల బుట్ట ఆ అరుగు మీద పెట్టు. కొంచెం అటు. ఇంకొంచెం. ఏటి, నా కొంగు కేసి చూస్తన్నావు? జలుబే తల్లీ. వానలు మొదలయ్యాయి కదా, ముక్కు ఆగట్లేదు.

మా కీర్తా? ఇంట్లోనే ఉంది. టెక్కలి నుంచి వచ్చి, జరిగిందంతా ఒక్కపాలి చెప్పీసి తలుపేసుకుంది. తిండి లేదు, మాట లేదు. కాలేజీ మానేస్తాదట. వాళ్ల నాన్న ఏటన్నాడో తెలుసా? "మానేస్తే మానేసింది, జీడిపిక్కలు కొట్టుకుంటాది" అన్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి ఒక్క పిక్క కొట్టిన పాపాన పోలేదు.

అసలు జరిగిందేటో నీకు తెలుసా? భారతి చెప్పలేదా? చెప్పదులే. మీ గుంటకి నోరు లేదు. ఉంటే ఈ గొడవే లేకపోను.

సరే, విను. నిరుడు ఆ హాస్టల్లో గదుల కోసం ఎంత రభస అయ్యిందో నీకు గుర్తుందా? వార్డెను మహాలక్ష్మి మేడం ఉంది చూడు, ఎవరు జీడిపప్పు పట్టుకెళ్తే వాళ్లకి మంచి గది ఇచ్చీసింది. నేనూ పట్టుకెళ్లాను, కాదనను. కానీ పలాస నుంచి వైకుంఠరావు తెచ్చింది గుండు పప్పు, నేను తీసుకెళ్లింది బద్ద. ఆ వైకుంఠరావే, జీడి ఫ్యాక్టరీ ఆయన. నవ్వితే పళ్లు అరిగిపోతాయేమో అన్నట్టుంటాడు. వాళ్లమ్మాయికి మేడ మీద గది వచ్చింది, మన పిల్లలకి వెనక గది వచ్చింది.

దాంతో ఈ ఏడు అందరూ తిరగబడితే లాటరీ పెట్టారు. భోజనాల హాల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి, సాంబారు బకెట్టు కడిగి, అందులో చీటీలు వేశారట. గదికి ముగ్గురు. ఇష్టమైన వాళ్లు ముందే జట్టు కట్టి పేర్లు ఇవ్వచ్చు. జట్టుకో చీటీ, జట్టు లేకపోతే మనిషికో చీటీ. ఒకటో నంబరు వచ్చినవాళ్లు ముందు గది ఎంచుకుంటారు, తర్వాత రెండో నంబరు, అలాగ. చివరి చీటీ వాళ్లకి మిగిలేదేటి? బాత్‌రూముల పక్క గది. గోడంతా చెమ్మ. తలుపు తీస్తే ఎవరిదో బకెట్టు కాలికి తగుల్తాది.

అందరి కళ్లూ మేడ మీద మూల గది మీదే. రెండు వైపులా కిటికీలు. కరెంటు పోయినా గాలికి లోటు లేదు.

మా కీర్తీ మీ భారతీ నిరుడంతా ఒకే గది కదా. పలాసలో ఇంటర్ చదివినప్పటి నుంచీ బస్సులో ఒకరి పక్కన ఒకరే. మా గుంటకి టైఫాయిడ్ వస్తే చూసిందెవరు? మహాలక్ష్మి మేడమా? ఆవిడ గుమ్మంలో నిలబడి "ఎలా ఉందమ్మా" అనీసి వెళ్లిపోయింది. నుదుటి మీద తడిగుడ్డ వేసింది మీ భారతి. నువ్వు హార్లిక్స్ సీసాలో పంపే ఎండు రొయ్యల పొడి ఉంది చూడు, అందులో సగం తిన్నది మా కీర్తే. వేసవి సెలవులకి వచ్చి, "అమ్మా, బుచ్చమ్మత్త చేసినట్టు చెయ్యవే" అని నా ప్రాణం తీసింది. అత్తేటే, ఎవరైనా వింటే ఏటనుకుంటారు, అన్నాను. దాని బ్యాగు విప్పి బట్టలు చూసి, "నువ్వు హాస్టల్లో ఉన్నావా, రేవులో ఉన్నావా" అని కూడా అన్నాను. నవ్వుతూనే అన్నానే. నేనేది అన్నా నవ్వుతూనే అంటాను కదా.

ఈ పాలి జట్టు కట్టేటప్పుడు మా కీర్తి మీ భారతి పేరు ఇవ్వలేదట. వైకుంఠరావు కూతురితో కలిసిపోయింది, వాళ్లిద్దరే ఒక జట్టు. ముందు ఒక మాటైనా చెప్పలేదు. మీ గుంట మామూలుగా వచ్చి పక్కన కూర్చుంటే, "నాది అయిపోయింది" అందట. అంతే. దాని మొహం కేసి చూడకుండా.

భారతి ఒక్కతే వెళ్లి చీటీ తీసింది. ఏటొచ్చింది? ఒకటి.

మా వాళ్లకి? చివరిది.

నవ్వకే. నవ్వలేదా? నీ స్థానంలో నేనైతే నవ్వేదాన్ని.

మేడం అడిగిందట, "భారతీ, నువ్వొక్కదానివే కదా, మూల గదిలో రెండు మంచాలు ఖాళీ. ఎవర్ని పిలుచుకుంటావు?" అని. అప్పుడు చూడాలట ఆ పిల్లల్ని. నిన్నటిదాకా రొయ్యల పొడి సీసా మూత తీస్తే కిటికీ తెరిచినవాళ్లు కూడా "భారతీ, భారతీ" అని చేతులెత్తారట.

మీ గుంట లేచి ఏటందో తెలుసా? "సివరి సీటీ వోళ్లనండి."

వైకుంఠరావు కూతురు ఊరుకుంటాదా? "ఆ పిల్లతోనా? వద్దు మేడం, బాత్‌రూము పక్క గదే నయం. అక్కడ కంపు ఫినాయిలు పోస్తే పోతాది" అందట. హాలంతా గొల్లున నవ్వు.

అప్పుడందరూ కీర్తి కేసి తిరిగారు.

ఒక్క మాట అంటే అయిపోను. "నేను వెళ్తాను" అంటే అయిపోను. ఆ మాట గొంతులోకి వచ్చిందట, నాలిక మీదికి కూడా వచ్చిందట. ఎదురుగా భారతి నిలబడే ఉంది. వస్తాదనే అనుకుంది కావాల, బెంచీ దగ్గర కొంచెం జరిగి దారి కూడా ఇచ్చిందట.

మా గుంట చున్నీ తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ఎవరూ పెట్టుకోమనలేదు. నవ్వేవాళ్లు కూడా ఆగిపోయారట. భారతి ట్రంకుపెట్టె ఒక్కతే ఈడ్చుకుంటూ మెట్లెక్కీసిందట. ఆ పెట్టెకి రెండో పక్క పట్టేది ఎప్పుడూ మా కీర్తే.

ఇదంతా విని నేనేటన్నానో తెలుసా? "చూశావా, జాలి చూపించినట్టు చూపించి పగ తీర్చుకుంది" అన్నాను. ఊళ్లో అందరికీ అదే చెప్పాను. నిన్న కుళాయి దగ్గర కూడా చెప్తన్నాను. చెప్తూ చెప్తూ ఉంటే గుర్తొచ్చింది.

నువ్వే చెప్పావు, ఈ అరుగు మీదే. మీ రేవులో ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకి వంతులు చీటీలేసుకుంటారని. మొదటి వంతు పడ్డవాళ్లు చివరి వంతు వాళ్లని పిలిచి తాడు పట్టించుకుంటారని. వాళ్ల వంతు వచ్చేసరికి చేప లోపలికి పోతాది కదా, అందుకని తమ చేపల వాటాలోనే వాళ్లకీ పాలు పెడతారని. పిలిస్తే రాకపోవడమన్నది మీ వాడలో లేదని. అప్పుడు నేనేటన్నాను? "అందుకేనే మీరు బాగుపడరు" అన్నాను. నవ్వుతూనే.

మరి మీ గుంటకి ఇంకో పద్ధతేటి తెలుసు? మొదటి చీటీ వచ్చింది, చివరివాళ్లని పిలిచింది. వాళ్లలో కీర్తి లేకపోయినా పిలిచీసును కావాల. అది తలుచుకుంటేనే నాకు... సరే, వదిలేయ్.

నిన్న మహాలక్ష్మి మేడం ఫోన్ చేసింది. ఊరికంతటికీ సెల్లు సర్పంచి సూర్యారావు దగ్గరే కదా. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కుతాడు. అక్కణ్నుంచి ఒకటే కేక. "మీ కీర్తి మంచం అలాగే ఉందంట! ఒక మంచం జూనియర్ పిల్లకి ఇచ్చిందంట! రెండోది పిలిచినోళ్లదండీ అని ఎవర్నీ పడుకోనివ్వట్లేదంట భారతి!" ఆ గొంతు ఉండగా వాడికి సెల్లెందుకో. ఊరంతా వింది.

అది విని మా గుంట ఏడుపు మొదలెట్టింది. "తిట్టినా బాగుండునమ్మా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని వెళ్లను" అంటాది. "ఇంతకీ చున్నీ ఎందుకు పెట్టుకున్నావే, అంత కంపా" అని అడిగాను. "నాకే వాసనా రాలేదమ్మా. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది" అంది.

అనీసి నా కేసి చూసింది. చాలాసేపు చూసింది.

ఏటే, నువ్వూ అలాగే చూస్తన్నావు?

లేదులే. జలుబు లేదు.

పొగరూ గిగరూ అన్నది ఎలా మొదలెట్టాలో తెలీకనే. ఊరందరి గురించీ ఆడే నోరే ఇది, నిన్నొకటి అడగాలంటే పెగల్లేదు. భారతితో చెప్పవే, కీర్తి వస్తాదని. ఆ మంచం ఉంచమని. తిట్టమను. మాట్లాడకపోయినా సరే. ఈ గుంట చదువు నా మూలంగా పోకూడదే.

ఏటి, లేస్తన్నావు? ఏదో ఒకటి అనీసి వెళ్లు.

ఏటీ? పిలిచాక మళ్లీ చెప్పడమేటా? పిలుపు వెనక్కి తీసుకోవడం కూడా మీలో లేదా? ఊఁ. నాకు అది కూడా తెలీదు చూడు.

కీర్తీ! విన్నావా? తలుపు కొంచెం తీసింది, చూడు. బయటికి రాదు. ఈరోజుకి వదిలేయ్ దాన్ని. బస్సు నేనెక్కిస్తాను.

బైరాగా? మా పాలేరు ఈరోజు లేడే, తోటకెళ్లాడు. ఇన్నేళ్లూ నీ బుట్టకి చెయ్యెయ్యమని వాణ్నే కేకేశాను కదూ.

ఉండు. నేను పడతాను. నువ్వు చుట్టకుదురు పెట్టుకో. ఎక్కడ పట్టాలి? ఇక్కడా? అమ్మో, ఇంత బరువా! ఈ బరువు నెత్తినెట్టుకొని అంత దూరం నుంచి వస్తన్నావా? నీళ్లు కారుతున్నాయే, మోచేతుల దాకా.

సరే, వెళ్లిరా.

చేతులా? కడుక్కుంటానే, అబద్ధమెందుకు. నువ్వు మలుపు తిరిగేదాకా మాత్రం కడుక్కోను.