రెండో తోక

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద ఓ పాత ల్యాప్‌టాప్ బోర్లా పడి ఉంది. దాని కడుపులోంచి తీసిన హార్డ్‌డిస్కుకి అడాప్టరు తగిలించి పక్కనున్న కంప్యూటరుకి కలుపుతున్నాడు భర్త, కాలేజీలో లెక్చరరు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది భార్య.

"ముట్టుకోకు! ముట్టుకోకని చెప్పానా?"

"ముట్టుకోలేదండీ. అప్పుడే విప్పేశారా? గిన్నెలు కడిగేసి నేనే దించి ఇద్దామనుకున్నాను."

"నువ్వు దించి, నువ్వు విప్పి, నువ్వు తగిలిస్తే ఇక నేనెందుకు ఈ కొంపలో? పొద్దుటినుంచీ చెవిలో జోరీగలా డిస్కు, డిస్కు అని నువ్వేగా. తీశాను."

"ఎక్కణ్ణుంచి తీశారు? అది—"

"ఇక్కడ పని జరుగుతోంది. నీ ప్రశ్నలు తర్వాత."

"అది కాదండీ..."

"అది కాకపోతే ఇంకోటి. కూర్చో. లేదా నిలబడు. కానీ మాట్లాడకు."

"అదేమిటి, టిక్కుటిక్కుమంటోంది?"

"ప్రాణం పోతున్న చప్పుడు. ఇన్నేళ్ళు మూలన పడేస్తే పాటలు పాడుతుందా? పైగా ఈ అడాప్టరొకటి. ఎక్కడ దొరికిందిది? బొమ్మల కొట్లోనా?"

"మంచిదేనటండీ. వాడినవాళ్ళందరూ బావుందని రాశారు."

"రాస్తారు. నీలాంటివాళ్ళే కొంటారు, నీలాంటివాళ్ళే రాస్తారు. ఇదిగో, చూడు. తెర మీద ఏమైనా కనిపిస్తోందా?"

"లేదు."

"నాకూ లేదు. చచ్చింది. లేచి కాఫీ పెట్టు."

"అయ్యో, అప్పుడేనా? రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో నేను గీసినవి చూపించమన్నారండీ. పాతవైనా పరవాలేదు, తెచ్చుకోండి, చూసి నిర్ణయిస్తామన్నారు. వట్టి చేతుల్తో వెళ్తే ఏం చెప్పను?"

"వెళ్ళకు."

"అంటే?"

"తెలుగే మాట్లాడాను. పాప పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగం. ఇప్పుడా పాప నీ భుజం దాటింది. ఇన్నాళ్ళ తర్వాత వెళ్ళి ఆ కుర్రకారు మధ్య కూర్చుని గీతలు గీస్తావా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట."

"గీతలు కాదు, ప్లాన్లు. ఆసుపత్రిలో మెట్ల పక్కన వాలుబాట గీశాను. చక్రాల కుర్చీ తోసేవాళ్ళు ఇప్పటికీ దానిమీదే వెళ్తున్నారు. మీ అమ్మగారికి కాలు విరిగినప్పుడు మీరూ తోశారు."

"తోశాను. ఎవరు గీశారా అని ఆగి దణ్ణం పెట్టలేదు."

"పెట్టక్కర్లేదు లెండి. ఆ రెండో తోక కూడా గుచ్చి చూడండి."

"ఏ తోక?"

"అదే, ఆ వైరు రెండుగా చీలింది కదా. ఒకటే గుచ్చారు, ఇంకోటి వేలాడుతోంది. పెట్టె మీద బొమ్మలో రెండూ గుచ్చినట్టే ఉంది. ఒక్కదాంతో కరెంటు చాలదేమో."

"పెట్టె మీద బొమ్మ చూసి నాకు పాఠం చెప్తున్నావా?"

"పాఠం కాదు. తోక వేలాడుతోంది కదా అని."

"వేలాడేదల్లా గుచ్చాలనుందా? సరే, నీ తృప్తి కోసం. ఇదిగో. గుచ్చాను. ఏమైంది? ఏమీ... ఆగు. ఆగు."

"చప్పుడు ఆగింది!"

"వచ్చింది. చూశావా? నా చెయ్యి పడితే రాక చస్తుందా?"

"మీ చెయ్యే లెండి. తెరవండి మరి."

"తెరుస్తున్నాను. తొందరపడకు. ఊఁ... డిస్కు కనిపిస్తోంది గానీ లోపలికి పోనివ్వడం లేదు. 'వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?' అని అడుగుతోంది."

"వద్దనండి! ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఒకసారి తీసి మళ్ళీ పెట్టండి. లేకపోతే రిపేరు కొట్టుకి తీసుకెళ్తాను, అక్కడ ఫైళ్ళు పైకి తీస్తారట."

"కొట్టుకెళ్ళి నా పరువు కూడా తీయి. లెక్చరరుగారి పెళ్ళాం డిస్కు చంకన పెట్టుకుని ఊరేగుతోందని."

"డిస్కు చంకన పెట్టుకుంటే పరువు పోతుందా?"

"అసలీ సెలవుల్లో నా పుస్తకం బయటికి తీసి పూర్తిచేద్దామనుకున్నాను. ఏళ్ళ తరబడి రాసింది. చివరి అధ్యాయమొక్కటే మిగిలింది. అది మానుకుని నీ గీతల ముందు కూర్చున్నాను."

"మీకు బల్ల మీద మోచెయ్యి ఆనించుకునే చోటు లేదు. ఈ డొక్కు ల్యాప్‌టాప్ పక్కన పెడతాను. అబ్బ, ఎంత దుమ్మో. ఇది అటక మీంచి దించింది కాదా?"

"అటకెక్కే వయసా నాది? బీరువా మీద సంచిలోంచి తీశాను."

"బీరువా మీదదా? అయితే ఇది— ఏమండీ."

"ఊఁ."

"ఏమండీ, ఒక్కసారి ఇటు చూడండి."

"చూడను. తెర మీదనించి కళ్ళు తిప్పితే నువ్వే ఏదో ఒకటి నొక్కేస్తావు."

"నేను నొక్కను. దీని మూత మీద—"

"మూత మీద దుమ్ముంటే గుడ్డతో తుడువు. ప్రతిదానికీ మొగుణ్ణి పిలవాలా?"

"తుడిచాకే పిలుస్తున్నాను. ఆ డిస్కు—"

"ఆ డిస్కులో ఏముందో నాకు తెలుసు! రెండు మెట్లు, మూడు కిటికీలు, ఓ వాలుబాట. వాటికోసం ఇల్లంతా తలకిందులు. నోరు మూసుకుని చూడగలవా, లేదా?"

"మీ పుస్తకం ఇంకెక్కడైనా కాపీ పెట్టుకున్నారా?"

"మాట మార్చకు. కాపీలు మతిమరుపు వాళ్ళకి. నా వస్తువు ఎక్కడుందో నాకు తెలుసు. నీలా పెట్టినచోటు మరిచిపోయే రకం కాదు."

"మరోసారి చెప్తున్నాను. ఫార్మాట్ కొట్టకండి. నా కోసం కాదు."

"నీ కోసం కాకపోతే ఎవరికోసం? ఆ వాలుబాట మీద తోసుకెళ్ళే రోగుల కోసమా?"

"నవ్వకండి. డిస్కు తీసి పక్కన పెట్టండి, చెప్పేది వినండి. అరనిమిషం."

"పెళ్ళయిందగ్గర్నించీ వింటూనే ఉన్నాను. కంప్యూటరే అడుగుతోంది, చేయమంటావా అని. దానికున్న పాటి తెలివి నీకు లేదు. ఇదిగో, నా వేలు ఎక్కడుందో చూడు."

"చూస్తున్నాను."

"నొక్కితే?"

"పోతాయి."

"పోతే?"

"పోగొట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది."

"బెదిరింపా?"

"కాదు. మూడుసార్లు చెప్పాను. ఇక మీ ఇష్టం."

"ఆఁ, ఇలా మొదటే అనుంటే గంట మిగిలేది. నొక్కాను. చూడు, పచ్చగీత ఎలా పరిగెడుతోందో. పైపైన తుడిచే రకం కూడా కాదు, అడుగంటా. మళ్ళీ ఏ కొట్టువాడూ పైకి తీయలేడు."

"అడుగంటానా?"

"అడుగంటా. ఏం, ఏడుస్తావా?"

"లేదండీ. కాఫీ పెట్టమంటారా?"

"అదీ తెలివి. పెట్టు. అది తుడిచేలోపు చక్కెర సరిగ్గా వేసి తీసుకురా."

కాఫీ వచ్చింది. ఆయన తాగడం అయింది. పచ్చగీత ఆ చివరికి చేరింది.

"అయిపోయింది. చూడు, కొత్తదానిలా ఉంది. ఖాళీ. ఇక రేపు ఎక్కడికీ వెళ్ళే పనిలేదు, హాయిగా ఇంట్లో ఉండు. ఆ డొక్కు తీసుకెళ్ళి చెత్తలో పడెయ్."

"పడేస్తాను. దీని మూత మీద మీ కాలేజీ ముద్ర అంటించి ఉంది. పీకమంటారా, అలాగే పడేయమంటారా?"

"నీ ల్యాప్‌టాప్ మీద నా కాలేజీ ముద్రేమిటి?"

"ముద్రే కాదు, కింద మీ పేరు కూడా ఉంది. మీ దస్తూరీయే. పక్కనే 'నా పుస్తకం, ఎవరూ ముట్టుకోరాదు' అని కూడా రాసుకున్నారు."

"ఏదీ, ఇటివ్వు. ఇది... ఇది బీరువా మీద... మరి నీది?"

"నాది అటక మీదుందండీ. ఇంకా దించలేదు. ఆ అడాప్టరు ఇలా ఇవ్వండి. రెండు తోకలూ నేనే గుచ్చుకుంటాను."