బొబ్బిలి నుంచి ఎచ్చెర్ల దాకా ఎన్ని బంకులు

పనసపండా! బావా, పేగు కుట్టించుకున్న మనిషికి సాలూరు నుంచి లారీలో పనసపండు మోసుకొస్తారేటి ఎవరైనా? పీచున్నదేదీ ఆరు వారాలు ముట్టొద్దన్నాడు డాక్టరు. అలా మొహం సిన్నబుచ్చుకోకు. ఆ మూల పెట్టు. వాసన సూస్తాను, దానికి నిషేధం లేదు కదా!

కూకో. ఆ గోడకి ఆనకు, సొక్కాకి బొగ్గంటుకుంటాది.

ఆ గీతలేటంటావా? మా నానమ్మ గురమ్మ రికార్డు! నేను దొడ్డికెళ్ళొస్తే ఒక గీత. మొన్న పద్నాలుగు, నిన్న తొమ్మిది, ఈరోజు ఇప్పటికి అయిదే. మొట్టమొదటిసారైతే వీధిలోకెళ్ళి "మా పిల్లకి దారి తెరుసుకున్నాదర్రా!" అని కేకేసి, ఇంటింటికీ బెల్లంముక్క పంచింది. డిబేట్లో కప్పు తెస్తే పంచిందా? అబ్బే!

నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి.

టైఫాయిడ్ ముదిరి పేగుకి సిల్లుపడితే, పొట్టమీదే దారి పెట్టి సంచీ తగిలించారా? అయిదు నెలలు. ఆ సంచీతోనే డిబేట్ సెమీఫైనల్‌కి ఎళ్ళాను, తెలుసా నీకు? మైకు పట్టుకున్నానో లేదో, గుడగుడమన్నాది. హాలంతటికీ ఇనపడింది. "అధ్యక్షా! ప్రత్యర్థుల వాదన నా పొట్టకే అరగడం లేదు" అనేశాను. సప్పట్లే సప్పట్లు!

ఇప్పుడు సంచీ తీసేసి, పేగు కలిపేశారు. ఇరవై రోజులైంది. వచ్చే నెల ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఫైనల్. నా జోడీ రేఖ రోజూ ఫోనే. డాక్టరు ఒద్దన్నాడని సెప్పీసాను.

ఏటలా సూస్తావు? సరే, అబద్ధమే! ఆయన నిక్షేపంగా ఎళ్ళమన్నాడు.

నీ ఒక్కడికే సెప్తన్నాను. సంచీ ఉన్నన్నాళ్ళూ బెంగలేదు బావా. వచ్చేది వస్తాది, అందులో పడతాది. ఇప్పుడు కబురొచ్చిందంటే రెండు నిమిషాలాగదు. బస్సులో రెండు గంటలు! నలభైమంది ముందు ఆపమని కండక్టర్ని బతిమాలాలా? మైకు ముందు ఎవడికీ జడవని దాన్ని, బస్సుకి జడుస్తన్నాను. సాలా?

ఆగు, ఓదార్చకు. పదేళ్ళుగా ఆ రోడ్డుమీదే కదా లారీ తోలుతున్నావు? ఈ బొబ్బిలి నుంచి రాజాం మీదుగా ఎచ్చెర్ల దాకా ఏ పెట్రోలు బంకులో నీళ్ళొస్తాయో, ఏ బాత్రూం తలుపుకి గడియున్నాదో నీకు తెలీదేటి? ఆ బొగ్గుముక్క అందుకో. నానమ్మ గీతల పక్కనే పెట్టు, బంకుకో సుక్క.

...ఏడేనా? సరిగ్గా గుర్తుసేసుకో. రాజాం దాటాక ఇంకోటి లేదూ? అదీ! ఎనిమిది.

రేఖకి ఫోన్ సేస్తాను. ఆరోజు వేరే లోడు ఒప్పుకోకు బావా, నేనే లోడు. ఆపమన్నప్పుడు ఆపు, ఎందుకని అడక్కు. అంతే.