వెనక్కి నడిచిన చెయ్యి

అది కాదు నాన్నా, మా కాలేజీ హాల్లో అంతమంది మధ్యలోంచి అలా లేచి వచ్చేస్తే ఎలా? చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు నువ్వు. నీ వెనకాల పరిగెత్తుకొస్తున్న నన్ను చూసి మా క్లాసు క్లాసంతా... పోనీలే, వాళ్ళ సంగతి వదిలెయ్.

ఆ బ్రష్షులు తర్వాత కడుక్కోవచ్చు. అవి రంగు ముట్టుకుని ఎన్నాళ్ళో అయింది, వాటికి మురికెక్కడిది? ఇటు తిరుగు.

తిరగవా? సరే, నీ వీపుతోనే మాట్లాడతాను.

ఇంతకీ ఏమంత ఘోరం జరిగిందట? సినిమా మొదట్లో పేర్లు పడతాయి చూడు, అంతవరకే తీసి తెమ్మన్నారు మా కాలేజీలో. సినిమా ఉండదు, పేర్లే. "పెళ్ళి లేకుండా శుభలేఖా?" అని నవ్వావు కూడా నువ్వు.

మిగతావాళ్ళంతా కంప్యూటర్‌లో అక్షరాలు ఎగరేసుకుంటున్నారు. నాకేమో ఎండలో, డాబా మీద నీళ్ళతో రాయించాలని బుద్ధి పుట్టింది. రాయడం, రాసింది ఆరిపోతుంటే కెమెరాలో పట్టడం, తర్వాత దాన్ని వెనక్కి తిప్పడం. అప్పుడు ఉత్త గచ్చులోంచి పేరు దానంతటదే పైకి తేలుతుంది. బాగుందన్నావా లేదా? అనలేదా? తల ఊపావుగా! నీ తల ఊపుడు నాకు తెలియదా ఏంటి?

రాయడానికి నిన్ను కాక ఇంకెవరిని పిలుస్తాను? ఒకప్పుడు ఊళ్ళో సగం బోర్డులు నీ చేతివే. ఆ ఫ్లెక్సీలొచ్చి నీ పొట్ట కొట్టాక బ్రష్షు పట్టడమే మానేశావు. నేను బతిమాలితే పట్టావు. బకెట్‌లో ముంచి, చుక్క కారకుండా, కొలతకి ఒక్క గీతైనా గీసుకోకుండా రాసుకుంటూ పోయావు. అరికాళ్ళు కాలుతున్నా గొంతుక్కూర్చునే రాశావు. పాపం అమ్మ గొడుగు పట్టుకొస్తే, "నీడ పడితే ఆరదే, పిల్ల పని పాడవుతుంది" అని కసిరావు. అబ్బ, ఆ మాటకి ఎంత సంతోషం వేసిందో నాకు!

మిగతా పేర్లన్నిటికీ నీ చెయ్యి పక్కకి వెళ్ళాక తీసిన ముక్కే వాడాను. చివరి పేరు నాది. దర్శకత్వం అని వేసి, కింద నా పేరు. అక్కడ మాత్రం నువ్వు రాస్తున్న ముక్క కూడా ఉంచాను. వెనక్కి తిప్పితే ఏమవుతుంది? ముందు పేరు తేలుతుంది. తర్వాత నీ చెయ్యి వస్తుంది. చివరక్షరం నుంచి మొదలుపెట్టి మొత్తం తుడిచేసి పోతుంది. హాల్లో అందరూ "అయ్యో" అన్నారు. నువ్వు లేచావు.

టెక్నిక్ నాన్నా అది, టెక్నిక్! వెనక్కి తిప్పితే ఎవరి చెయ్యైనా అంతే. దానికి ఇంత...

ఏంటీ? అన్నం తిన్నానా? మాట మార్చకు.

సరే. టెక్నిక్కూ కాదు, నా మొహమూ కాదు. మా మాస్టారు ముందే చెప్పారు, "ఆ చెయ్యి తీసెయ్యమ్మా, చూడ్డానికి కష్టంగా ఉంది" అని. నేనే తియ్యలేదు.

ఎందుకో చెప్పనా? ఆ రోజు నా పేరు రాసి, నడుం పట్టుకుని లేచావు. పక్కడాబా మీంచి నీ స్నేహితుడు, "ఏం చేస్తోందిరా మీ అమ్మాయి?" అని అడిగాడు. నా పేరింకా తడి ఆరలేదు నాన్నా. నువ్వేమన్నావ్? "ఏముంది, ఏదో ఆడుకుంటోందిలే. నాలుగు రోజులు పోతే అదే మానేస్తుంది."

"అక్షరాల్ని నమ్ముకుని నేను బాగుపడింది చాలు" అని ఇంట్లో ఎన్నిసార్లు తిట్టలేదూ? పడ్డాను. భయంకొద్దీ అంటున్నావులే అనుకున్నాను. పరాయివాళ్ళ ముందు అంత తేలిగ్గా తీసిపారేస్తావా? నాకు ఒళ్ళు మండింది. అందుకే నలుగురి ముందూ నీ చేత్తోనే చెరిపించాను. చెల్లుకి చెల్లు అనుకున్నాను.

కానీ తెర మీద నీ చెయ్యి కనబడగానే నువ్వు నవ్వావు. పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన్ని గోకి మరీ, "ఆ చెయ్యి నాదే" అని చెప్పావు. నీ వెనక వరసలోనే ఉన్నాను, విన్నాను. అప్పటికింకా అది తుడవడం మొదలుపెట్టలేదు.

మాస్టారు నిన్ననే మార్కులు వేసేశారు, అందరికంటే మంచివి నాకే, తెలుసా? వచ్చే వారం సినిమా పెద్దలొస్తారు, మళ్ళీ వేస్తారట. మార్చుకుంటే మార్చుకోమన్నారు మాస్టారు. ఏం చెయ్యమంటావు? నీ చెయ్యి తీసేస్తే నా పేరు ఉంటుంది, రాసినవాడు ఉండడు. ఉంచితే ఇదీ వరస.

మళ్ళీ ఆ బ్రష్షులేనా?

పోనీ ఇంకోటి కూడా విను. ఆ ముక్కని తిప్పకుండా ఉన్నదున్నట్టు వేస్తే సరిపోయేది. నువ్వు రాస్తావు, నా పేరు పడుతుంది, అంతే. నీ చెయ్యీ ఉంటుంది, నా పేరూ ఉంటుంది. చిన్నపిల్లలకైనా తట్టే సంగతి.

నాకు తట్టక కాదు నాన్నా. ముందు అలాగే పెట్టాను. తర్వాతే తిప్పాను.