ఎదురు సెలూన్

సెలూన్ మూసే వేళకు ఆమె ఒక అర్జీ తెచ్చి అద్దం ముందు పెట్టింది. ఒకే వీధిలో రెండో సెలూన్‌కు ఇచ్చిన లైసెన్స్ రద్దు చేయాలని అందులో ఉంది. భర్త కత్తెర తుడుస్తూ దాని వంక కూడా చూడలేదు.

“సంతకం పెట్టండి. ఎదురుగా ఆ అబ్బాయి రేపు తెరిచాడంటే మన నోట్లో మట్టి కొట్టినట్టే.”

“ఎవరి దగ్గర కత్తిరించుకోవాలో తల ఉన్నవాడు చూసుకుంటాడు. మధ్యలో సర్కారుకేం పని?”

“మళ్లీ మొదలెట్టారా! దానికసలు పనే లేదంటారా?”

“ఎందుకు లేదూ? వీధి దీపాలు వెలిగించమను, దొంగల్ని పట్టుకోమను. నా కుర్చీకి కాపలా కాయమని మాత్రం అడగను. ఇవాళ వాణ్ణి ఆపినవాళ్లు రేపు నన్ను ఆపరా?”

“మీ సిద్ధాంతాలతో కడుపు నిండుతుందా?”

“మీ నాన్న సెలూన్‌కి ఎదురుగా నేను కుర్చీ వేసినప్పుడు ఇలాంటి కాగితమే ఆయన దగ్గరకీ వచ్చింది. చింపేసి, మర్నాడు నా దగ్గరే గడ్డం గీయించుకున్నాడు.”

“మంచి చెయ్యి అని ఇంటికొచ్చి తెగ మురిసిపోయాడు కూడాను.”

“ఆయన సంతకం పెట్టుంటే నాకు ఈ షాపూ లేదు, నువ్వూ లేవు.”

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. భర్త చెంప తడిమి చూసింది. గరుకుగా తగిలింది.

“అందుకేనా నాలుగు రోజులుగా గడ్డం పెంచుతున్నారు?”

“మరి రేపు వాడికి బోణీ ఎవరు చేస్తారే?”