అల్లుడికి అతుకు

కళింగపట్నం ఒడ్డున, షెడ్డులో బల్ల మీద రెండు మేనిఫోల్డులున్నాయి. ఇంజను పొగ బయటకు పోయేది వాటిలోంచే. ఒకటి కొత్తది, ఒకటి పగిలితే అతుకేసినది. బోటు యజమాని కొత్తదాన్ని మెకానిక్కు ముందుకు జరిపాడు.

“ఇదే బిగించు బావా.”

“అతుకుది సాలదేటి? నిరుడు సాలన్నావు.”

“నిరుటి మాట ఇప్పుడెందుకు?”

“నువ్వు ఎయ్యమన్నావు, నానేసినాను. సముద్రం మీద ఆ అతుకు ఊడిపోనాది. ఇంజను పక్కన పడుకున్న నా కొడుకు పొగకి మరి లెగనేదు.”

“ఆడు నాకు మాత్రం పరాయోడా? మేనల్లుడు. ఆడి తలరాత అలాగున్నాది.”

“మరిప్పుడు కొత్తది దేనికి?”

“మావోడు రేపట్నుంచి బోటెక్కుతన్నాడు.”

“అదీ సంగతి. అల్లుడికి అతుకు, కొడుక్కి కొత్తది.”

“నీకిష్టం లేకపోతే సెప్పు, ఇంకోడి కాడికి ఎల్తాను.”

“ఎక్కడికీ ఎల్లక్కర్లేదు. ఇలాగియ్యి, నానే బిగిస్తాను. బోటులో కొత్తగా ఎక్కినోడికి పక్క ఎప్పుడూ ఇంజను కాడే. నీ కొడుకు నాకేటి సేసినాడు?”