అప్పలసూరి వాయించిన తాటాకులు

అప్పలసూరి సన్నాయి పట్టాడంటే ఏడ్చే పిల్ల నోరు మూసేది. మనిషి మెత్తన, పది మందిలో నోరు పెగలదు, ఉన్న మాటలన్నీ సన్నాయిలోనే. అలాంటోడి కూతురు నీలమ్మ, కుమ్మరోళ్ల గవరయ్యని మనసుపడి పెళ్లాడేసింది. కులం కాని కులం కదా, మునసబు సత్యంనాయుడు పంచాయితీ పెట్టి వాళ్లని వెలేశాడు. ఆ ఇంటి నీళ్లు ఎవరూ తాక్కూడదంట. మరి అమ్మోరి పండక్కి అమ్మోరిని నిలిపిన కుండ, అదే ఘటం, ఊరేగుద్ది చూడు, ప్రతి గుమ్మం ముందూ ఆగుద్ది, ఆ ఇంటి ఆడది బిందెడు నీళ్లు పోసి దణ్ణం పెడద్ది. సన్నాయి ఆగితే డోలాగుద్ది, డోలాగితే ఘటమాగుద్ది, అదీ లెక్క. అమ్మోరు పుచ్చుకున్న నీళ్లని ఊరు కాదనకూడదు. ఆ నీళ్లు పడ్డాయా, వెలి పోయినట్టే. అందుకే నీలమ్మ గుమ్మం కాడ ఆగనిచ్చేవాడు కాదు మునసబు. పిల్ల బిందె పట్టుకుని నిలబడే ఉండేది, కన్నతండ్రే సన్నాయి ఊదుకుంటా దాటిపోవాల! ఇంటికొచ్చాక పెళ్లాం పైడమ్మ, "నీ ఊపిరి పాడుగాను, అక్కడొక్క చిటికె ఆగితే నీ సొమ్మేం పోయిందయ్యా" అని ఏడ్చేది. ఆగితే వీళ్లనీ వెలేస్తారు మరి.

ఇలా ఉండగా ఏమైందంటే, మునసబు పాతిల్లు విప్పిస్తంటే అటక మీద తాటాకుల కట్టొకటి దొరికింది. ఏ భాషో ఎవడికీ తెలవదు. పంతులుగారు చూశాడు, బళ్లో మేస్టారు చూశాడు, బుర్రలు గోక్కున్నారు. మునసబు ఒప్పుకుంటాడా? "మా తాతలనాటి అమ్మోరి పాట ఇది. నాకు కొంచెం కొంచెం తెలుస్తానే ఉంది" అన్నాడంట. ఏం తెలిసిందో ఆ అమ్మోరికే ఎరుక! అప్పలసూరిని పిలిపించి, ఈ పండక్కి ఇదే వాయించాల, ఒక్క అక్షరం ఎక్కువొద్దు, తక్కువొద్దు అన్నాడు. అప్పలసూరి కట్ట తెచ్చుకుని కూచున్నాడు. అక్షరం గుండ్రంగా ఉంటే సొరం సాగదీసేవాడు, తోక పైకి లేస్తే పైకి, కిందకి దిగితే కిందకి. దారం దూర్చే బెజ్జం కాడ ఊపిరి తీసుకునేవాడు. చెప్తే నమ్మరుగానీ, అది పాటై కూచుంది! పైడమ్మ చేటలో బియ్యం మర్చిపోయి వింది. ఒక్క ఆకు మాత్రం పురుగు తినేసి జల్లెడైపోయింది, అక్షరం లేదు, అన్నీ బెజ్జాలే. దాన్ని పట్టుకుని చాలాసేపు కూచున్నాడంట. ఆ మర్నాటి నుంచీ వాయించుకుంటా, అడుగులు లెక్కెట్టుకుంటా వీధులన్నీ తిరగడం, ఇంటికొచ్చి కట్ట విప్పి ముందాకు వెనక్కి, వెనకాకు ముందుకి గుచ్చడం. జనం, "పాపం, సూరిగాడికి పిచ్చి ముదిరింది" అనుకున్నారు.

పండగొచ్చింది. మునసబు ఆ కట్టని ఇంకోడి చేతికిస్తాడా? తనే ఆకులు ఎత్తి పట్టుకుని, అప్పలసూరికి ఎదురుగా వెనక్కి వెనక్కి నడిచాడు. తలపాగా జారిపోతంది, పంచె కాళ్లకడ్డం పడతంది, అయినా దర్జా తగ్గలేదు. పాటకి ఊరు ఊరంతా మైమరిచిపోయింది అనుకో. కుమ్మరోళ్ల వీధిలోకొచ్చారు. మునసబు ఆకు తిప్పాడు. సన్నాయి టక్కున ఆగిపోయింది. డోలాగింది, ఘటమాగింది. "ఏరా, వాయించవేం?" అన్నాడు మునసబు. "ఏం వాయించను బాబూ, ఇక్కడ అక్షరం లేదు, ఉత్త ఊపిరే ఉంది. ఒక్క అక్షరం ఎక్కువొద్దన్నారు కదా. చదవడం తమరికి తెలుసు, తమరే చూసి చెప్పండి" అన్నాడు అప్పలసూరి. పుట్టి బుద్ధెరిగి అంత మాట్లాడలేదు మనిషి! జనమంతా మునసబు మొహమే చూస్తన్నారు. చదవడం రాదంటే పరువు పోద్ది. ఆకు కళ్ల కాడికి తెచ్చుకుని, తలాడించి, "ఆఁ, నిజమే. అమ్మోరు ఇక్కడ ఆగాలని రాసుంది" అన్నాడు, ఊరంతా వినేలాగ. అనేసి, అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. నీలమ్మ గుమ్మం!

ఇంకేం చేస్తాడు? మింగాలేడు, కక్కాలేడు. నీలమ్మ బిందె ఎత్తిన తొందరకి సగం నీళ్లు తన ఒంటి మీదే పడ్డాయి. మిగతా సగం చాలవా అమ్మోరికి? అప్పలసూరి సన్నాయి నోట్లో పెట్టుకున్నాడుగానీ, ఏడుపొచ్చి ఊదలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే పైడమ్మ కూతురింటికెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది. ఊరికే తాగిందా, దారిలో కనపడ్డోళ్లందరికీ చెప్పి మరీ తాగింది.

ఆ కట్ట ఇప్పటికీ మునసబు గారింట్లోనే ఉంది, పసుపూ కుంకం పెడతారు. ఏం రాసుందో ఇప్పటికీ ఎవడికీ తెలవదు. అది చదివే మొనగాడెవడన్నా మీకు తగిలితే, బాబ్బాబు, మా ఊరి దారి మాత్రం చెప్పకండి.